వేసవి ముక్కలు రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జ్ఞాపకాలుగా రాసి నువ్వు పంపిన ఇరవై చిన్న ముక్కలూ చదివాను. విశాఖలో ఒక వేసవి, డిగ్రీ రెండో ఏడు పరీక్షలయ్యాక ఆ అమ్మాయితో నాలుగు షికార్లు, మధ్యలో రెండు అలకలు. సరుకుంది. చిక్కల్లా, చాలాచోట్ల చూసింది వదిలేసి ఎక్కడో చదివింది రాశావు.

మూడో ముక్కే తీసుకో. ఆర్కే బీచ్‌లో కూర్చుని సూర్యుడు సముద్రంలోకి దిగడం చూశామన్నావు. మనది తూర్పు తీరం నాయనా! అక్కడ పొద్దు నీళ్లలోంచి పొడిచి ఊరి వెనక్కి వాలుతుంది. సాయంత్రమయ్యేసరికి మేడల నీడలు బీచ్ రోడ్డు దాటి ఇసక మీదికి సాగుతాయి. మీరిద్దరూ ఆ నీడలో కూర్చున్నారా, అంచున కూర్చున్నారా? ముంత మసాలా పొట్లం ఎవరి చేతిలో ఉంది? ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టిందెవరు? ఇవి రాస్తే 'ఆమె కళ్లలో బంగారు కాంతి' కొట్టేసినా ఎవరూ అడగరు.

అరకు ముక్కలో మే నెలలో వలిసె పూలు పూయించావు. అవి చలికాలపు పూలు. ఆ పసుపు చూడాలంటే నవంబరు, డిసెంబరుల్లో వెళ్లాలి. రోహిణి కార్తెను ఏప్రిల్‌లోకి లాక్కొచ్చావు, అది వచ్చేది మే 25 ప్రాంతంలో. ఇలాంటివి రెండు దొరికితే చాలు, చదివేవాడు ప్రేమను కూడా నమ్మడు.

అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు మాత్రం బాగా పట్టుకున్నావు. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు, ప్రతిదానికీ పెట్టెలో ఈలలు, కేకలు. అయితే చీకట్లో ఏం జరిగిందో అరపేజీ రాశావు. చీకటి జోలికి పోకు. వెలుతురు వచ్చాక ఇద్దరూ ఎటు చూస్తున్నారో, ఇందాక మీ మధ్య ఉన్న పల్లీల పొట్లం ఇప్పుడు ఎక్కడుందో రాయి.

అన్నిటికన్నా మంచిది పదిహేనో ముక్క, దాన్నే రెండు వాక్యాల్లో తేల్చేశావు. అమ్మ ఆవకాయకి కాయలు కడిగి, గుడ్డతో తుడవమని నీకు అప్పగించింది. తడి మిగిలితే పచ్చడి బూజు పడుతుంది కాబట్టి మధ్యలో లేవడానికి లేదు. పక్క గదిలో ఫోన్ మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. అమ్మ తలెత్తకుండా 'తొడిమ దగ్గర చూడు, అక్కడే నీళ్లు నిలుస్తాయి' అంటుంది. ఆ అమ్మాయి పేరు కూడా లేని ముక్క ఇది. దీన్ని పేజీ చెయ్యి.

రాసే పద్ధతి చెబుతాను. తిరిగొచ్చిన రాత్రే పది పంక్తులు గీకి పెట్టు. చేతిలో ఏముంది, ఎంత ఖర్చయింది, ఎవరు ముందు మాట్లాడారు, ఏ వాసన వచ్చింది, అంతే. మనసులో ఏమనిపించిందో ఆ రాత్రి రాయకు, ఉప్పెక్కువవుతుంది. వారం ఆగి 150 మాటల లోపు ముక్క చెయ్యి. తర్వాత మొదటి రెండు వాక్యాలూ, చివరిదీ వేలితో మూసి చదువు. ముక్క నిలబడితే ఆ మూడూ కొట్టెయ్. నీ ఇరవైలో పన్నెండు 'ఆ క్షణం మరువలేను' దగ్గరే ఆగాయి, అందుకే చెబుతున్నా. తొమ్మిదో పదో మిగిలితే చాలు. తేదీల వరసన పేర్చకు. మొదటి అలకని ముందు పెడితే, దాని కారణం కోసం తర్వాతి నాలుగు ముక్కలూ చదువుతారు.

మాటలు కూడా సరిచూసుకో. గాజువాక పిల్ల అన్నావు, ఆమె నోట సినిమా డైలాగులు పెట్టావు. 'ఏటలా చూస్తన్నావు?' అని ఆమె నిజంగా అంటే అలాగే ఉంచు. అననిది యాస కోసం అంటించకు.

ఇంకొకటి, ఇది రాతకన్నా ముఖ్యం. పేరు మార్చావు సరే. కాలేజీ, బస్సు నంబరు, స్కూటీ రంగు, వాళ్ల వీధి చివరి గుడి అలాగే ఉన్నాయి. ఆ నాలుగూ కలిపితే వాళ్ల పిన్నిగారికి పేరుతో పనిలేదు. బయటపెట్టే ముందు ఆమెకి చదవనివ్వు. వద్దన్న ముక్క తీసెయ్, బతిమాలకు. ఫోటోలు అసలే జతచేయకు.

పదిహేనోది తిరగరాసి పంపు. ఫోన్ ఎన్నిసార్లు మోగిందో లెక్క గుర్తుంటే వెయ్యి.

ఉంటాను.