మఠం ఎవరిది?

ప్రశ్న: తిరుమలలో దర్శనం అయ్యాక హాథీరాంజీ మఠం చూసి మా మనవరాలు "ఇది కూడా గుడేనా?" అని అడిగింది. మఠం అనే మాటకు అసలు అర్థం ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: గుడి కాదమ్మా. గుడి దేవుడిది, మఠం మనుషులు ఉండే చోటు. సంస్కృతంలో 'మఠ్' ధాతువుకు నివసించడం అనే అర్థం ఉంది, మాట అక్కడిదే. సన్యాసి వేసుకున్న పాకను కూడా మఠమే అనేవారు. రాతి కట్టడాలు, మాన్యాలు, పల్లకీలు తర్వాత వచ్చి చేరాయి.

అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'మఠశ్ఛాత్రాదినిలయః' అని ఉంది, అంటే ఛాత్రులు మొదలైనవారు ఉండే చోటు మఠం. తిరుపతిలో పిల్లలకు అమరం వల్లె వేయించేటప్పుడు నేను ఈ పాదం దగ్గర తప్పకుండా ఆగేవాణ్ణి. ఛాత్రులంటే విద్యార్థులు. అమరసింహుడు సన్యాసుల పేరెత్తలేదు, వాళ్లను 'ఆది' (మొదలైనవారు) అన్న మాటలో కలిపేసి చదువుకునే పిల్లల్ని ముందు కూర్చోబెట్టాడు. గురువు, ఆయన దగ్గరే ఉండి, తిని, చదువుకునే శిష్యులు ఉంటేనే అది మఠం. ఆ వరస తెగిపోయాక ఎంత పెద్ద భవనం మిగిలినా దాన్ని మఠం అనడానికి నాకు మనసొప్పదు.

మీ మనవరాలి సందేహం మాత్రం సబబే. మన దగ్గర రెండూ అంతగా కలిసిపోయాయి. మఠానికి పేరు తెచ్చిన హాథీరాం బావాజీ శ్రీవారితో పాచికలాడిన కథ, గదినిండా పోసిన చెరుకును తెల్లారేలోగా ఏనుగు వచ్చి తినేసిన కథ మీరూ వినే ఉంటారు. హాథీ అంటే హిందీలో ఏనుగే. హిందూ గుళ్ల వ్యవహారాల నుంచి తప్పుకోవాలని ఈస్టిండియా కంపెనీ మీద ఒత్తిడి పెరిగిన కాలంలో, 1843లో, ఆ మఠం మహంతు (అధిపతి) సేవాదాస్‌కు తిరుమల గుడి పెత్తనం అప్పగించారు. 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా, అంటే 90 ఏళ్లు, మహంతులే విచారణకర్తలు. అప్పుడు కూడా గర్భగుడిలో అర్చన వైఖానస అర్చకులదే. తేడా అక్కడే తెలుస్తుంది, పాపకు ఇదే చెప్పండి.

బౌద్ధులు ఇలాంటి నివాసాన్ని విహారం అన్నారు. నాగార్జునకొండలో మధ్య మండపం, చుట్టూ భిక్షువుల చిన్నచిన్న గదులు ఉన్న విహారాలు బయటపడ్డాయి. బీహార్ పేరు కూడా ఆ మాట నుంచి వచ్చిందే.

ఇంకొక్కటి. ఈమధ్య 'మటం' అని రాస్తున్నారు. అది తప్పు, ఒత్తు 'ఠ' రాయాలి.