పాత సిటీ వీటెక్‌కి షార్ట్ రన్నర్ ఇంటేక్ మానిఫోల్డ్ వేయించొచ్చా?

భీమవరం నుంచి అడిగారు కదా, పాత హోండా సిటీ 1.5 వీటెక్ ఇంజిన్ పనికి విప్పి ఉంది, పనిలో పనిగా ఆన్‌లైన్‌లో చూసిన నలభై రెండు వేల అల్యూమినియం షార్ట్ రన్నర్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల కూర్పు, ఇందులో ఆ గొట్టాలు పొట్టివి) కూడా బిగించేస్తే పవర్ పెరుగుతుందా అని. పెరుగుతుందండి. కాకపోతే మన రోడ్ల మీద మీ కాలు ఎప్పుడూ చేరని చోట పెరుగుతుంది. తణుకులో ఇదే బండికి ఇదే పని చేసి, ఆర్నెల్లకి విప్పేసినవాణ్ణి నేను.

కాలవ మీద లాకుల తలుపు ఒక్కసారిగా దించేస్తే ఏమవుతుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. వచ్చే నీళ్లు తలుపుకి కొట్టుకుని ఎత్తు లేస్తాయి, అల వెనక్కి పోతుంది. రన్నర్ గొట్టంలో గాలి కూడా అంతే. ఇంటేక్ వాల్వు మూసుకోగానే గాలి దానికి గుద్దుకుని, ఆ ఒత్తిడి అల ప్లీనం (గొట్టాలన్నీ కలిసే గాలి పెట్టె) దాకా పోయి అటూ ఇటూ కొట్టుకుంటుంది. వాల్వు మళ్లీ తెరుచుకునే వేళకి అల సరిగ్గా అక్కడ ఉందా, సిలిండర్‌లోకి గాలి అదనంగా దూరుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు, రెండు చుట్లకోసారి చొప్పున ఒక్కో వాల్వు సెకనుకి 25 సార్లు తెరుచుకుంటుంది, 6000 దగ్గర 50 సార్లు. అల వేగం మాత్రం రెండు చోట్లా దాదాపు ఒకటే, గాలిలో శబ్దం వెళ్లే వేగం. అందుకే తక్కువ ఆర్‌పీఎంకి పొడుగు గొట్టం, ఎక్కువ ఆర్‌పీఎంకి పొట్టి గొట్టం కలిసొస్తాయి.

ఇప్పుడు మీరు రోజూ తిరిగే దారి తలుచుకోండి. కాలవ గట్టు రోడ్డు, ముందు గడ్డి ట్రాక్టరు, ఊరూరికీ స్పీడ్ బ్రేకరు. టాకోమీటర్ ముల్లు రెండు వేలకీ నాలుగు వేలకీ మధ్యే ఊగుతుంది. షార్ట్ రన్నర్ తినేసేది సరిగ్గా ఆ ముక్కనే. మూడో గేరులో 40 నుంచి 80కి పోవడానికి ఒరిజినల్‌తో ఎనిమిది సెకన్లలోపే పట్టేది, కొత్తదానితో తొమ్మిది దాటింది. చేతి ఫోన్‌తో తీసిన లెక్కే, అయినా ట్రాక్టరుని దాటేటప్పుడు ఆ తేడా తెలిసిపోయేది. ఐదు వేల తర్వాత మాత్రం బండి అరుచుకుంటూ పోయేది. అలా పోయే చోటు రావులపాలెం వైపు హైవేలో కాస్తంత, అంతే.

పొడవు సంగతి అలా ఉంచితే, నన్ను అసలు ఏడిపించింది బిగింపు. పెట్టె విప్పగానే తళతళలాడింది. ఇంజిన్ హెడ్‌కి ఆనే ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెనక టార్చి వేస్తే, మూడో పోర్టు (గాలి రంధ్రం) దగ్గర సన్నటి వెలుగు గీత. మేస్త్రి "ప్యాకింగు నొక్కేస్తుంది లెండి" అన్నాడు. నొక్కలేదు. బండి స్టార్ట్ చేస్తే ఐడ్లింగ్ వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య ఉయ్యాల ఊగింది. గాలిని అదుపు చేసే థ్రాటిల్ తలుపుతో పని లేకుండా, ఆ సందులోంచి అదనపు గాలి పీలుస్తోందన్నమాట. చివరికి రైసు మిల్లుల పని చేసే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించి ఆ ముఖం చదును చేయిస్తే దారికొచ్చింది.

ఇంకొకటి, ఇది నవ్వులాట కాదు. బ్రేక్ పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ వెళ్లేది మానిఫోల్డ్ నుంచే. దీనికిచ్చిన నిపుల్ సన్నగా ఉంది, హోస్ వదులు, క్లిప్పుతో సర్దాం. సిద్ధాంతం వంతెన దిగుతుంటే హోస్ ఊడింది. పెడల్ రాయి అయిపోయింది. రెండు కాళ్లూ వేసి తొక్కి ఆపాను. మీరు ఏది కొన్నా ముందు బూస్టర్, పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లు వచ్చే గొట్టం), మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడి కొలిచేది) చోట్లు సరిపోయాయో లేదో చూడండి. పవర్ మాట ఆ తర్వాత.

ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్ సంగతీ ఉంది. ఈ ఇంజిన్‌లో గాలిని నేరుగా కొలిచే మీటరు లేదు. మానిఫోల్డ్‌లో ఒత్తిడి, ఆర్‌పీఎం చూసి పాత మానిఫోల్డ్ పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుంది. మానిఫోల్డ్ మారితే ఆ పట్టిక తప్పుతుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ సర్దుకుంటుంది గానీ, ఫుల్ థ్రాటిల్‌లో, పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు, ఎవరూ సర్దరు. అంటే ట్యూనింగ్ ఖర్చు కూడా ఆ నలభై రెండు వేల మీద వేసుకోవాలి.

టర్బో బండి అయితే నా మాట వేరుగా ఉండేది. అక్కడ గాలిని తోసేది టర్బో, కాబట్టి చూడాల్సింది బలం, వేడి. పోలో 1.2 టీఎస్‌ఐలో అయితే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరే మానిఫోల్డ్‌లో కూర్చుని ఉంటుంది, అందం చూసి మార్చేది కాదు.

మీ బండికి నేనైతే ఒరిజినల్‌నే ఉంచుతాను. హెడ్ ఎలాగూ బయటే ఉంది కాబట్టి కొత్త ప్యాకింగు పోర్టుల మీద పెట్టి, మానిఫోల్డ్ నోరు ఎక్కడ మెట్టుగా అడ్డొస్తోందో గీత గీయించి అంతవరకే సాపు చేయించండి. థ్రాటిల్ బాడీ కడిగించండి, ఇంజెక్టర్ ఓరింగులు మార్చండి. ఫిల్టర్‌ని చల్లగాలి కోసమని బంపర్ కిందకి మాత్రం దించొద్దు, మన వానాకాలంలో అది నీళ్లు తాగుతుంది, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఏడాదికి రెండు మూడుసార్లు కోయంబత్తూరు కరి రేస్ ట్రాక్‌కి పోయేవాళ్లయితే, కామ్‌షాఫ్ట్, ఎగ్జాస్ట్, ట్యూనింగ్ అన్నీ కలిపి చేసేటప్పుడు షార్ట్ రన్నర్ ఆలోచించండి.

నాది ఇప్పుడు అటక మీద కొబ్బరికాయల పక్కన ఉంది. ఆర్డర్ పెట్టేముందు ఒక ఆదివారం తణుకు రండి. చేత్తో పట్టుకుని, స్కేలు పెట్టి మీరే చూసుకుందురుగాని.