పార్టీ స్కూల్ అంటున్నారు... మా అబ్బాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పరీక్షలు రాశాడు. అమెరికాలో బీఎస్‌కు రెండు చోట్ల అడ్మిషన్ వచ్చింది. ఒకటి విస్కాన్సిన్ యూనివర్సిటీ, మాడిసన్‌లో కంప్యూటర్ సైన్స్. రెండోది కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్‌డియాగో. వాడు మాడిసనే అంటున్నాడు. న్యూజెర్సీలో ఉండే మా బావమరిది మాత్రం అది పార్టీ స్కూల్ అని, శాన్‌డియాగోలో అయితే చదువు తప్ప వేరే ధ్యాస ఉండదని అంటున్నాడు. వాడిని రెండేళ్లు హాస్టల్లో పెట్టి చదివించాం. ఒక్క చెడు అలవాటు లేదు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఎటు పంపమంటారు? (శాన్‌డియాగోలో వచ్చింది కాగ్నిటివ్ సైన్స్, అంటే మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివే కోర్సు. చేరాక కంప్యూటర్ సైన్స్‌కు మారొచ్చని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు.)
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు చివర్లో బ్రాకెట్లో పెట్టిన మాటతోనే మొదలుపెడతానండీ. ఉత్తరమంతా పార్టీల గురించి రాసి, కోర్సు సంగతి ఒక్క లైనులో తేల్చేశారు. శాన్‌డియాగోలో చేరాక కంప్యూటర్ సైన్స్‌కు మారడం కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినంత సులువు కాదు. సీట్లు పరిమితం, పోటీ ఎక్కువ, మంచి గ్రేడ్లున్నా గ్యారంటీ లేదు. కాగ్నిటివ్ సైన్స్ తక్కువ చదువని నేననను. ఆ సబ్జెక్టుకు ప్రపంచంలోనే మొదటి డిపార్ట్‌మెంట్‌ను 1986లో పెట్టింది అక్కడే. కానీ అది మీ అబ్బాయి కోరుకున్న చదువేనా? అడిగారా?

ఇక పార్టీల సంగతి. మీ బావమరిది గారు చెప్పింది అబద్ధం కాదు. ప్రిన్స్‌టన్ రివ్యూ అనే సంస్థ ఏటా వేసే పార్టీ స్కూళ్ల జాబితాలో మాడిసన్ 2005లోనూ, 2016లోనూ మొదటి స్థానంలో ఉంది. శనివారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే 75 వేలమందికి పైగా పట్టే స్టేడియం నిండిపోతుంది. శాన్‌డియాగోకు అసలు ఫుట్‌బాల్ టీమే లేదు. అక్కడ చదివే పిల్లలే తమ క్యాంపస్‌ను 'సోషల్లీ డెడ్' అని పిలుచుకుంటారు. పది వారాల క్వార్టర్ పద్ధతి కాబట్టి, చేరి ఊపిరి పీల్చుకునేలోపు మిడ్‌టర్మ్ వచ్చి పడుతుంది. మీకు ఈ వివరాలు చూసి శాన్‌డియాగో మీద నమ్మకం పెరగొచ్చు. ఎవరితోనూ మాట్లాడని పిల్లాడి విషయంలో నాకైతే భయం పెరుగుతుంది.

ఎందుకో చెబుతాను. ఇన్నేళ్లుగా ఇదే ప్రశ్న రకరకాల రూపాల్లో వింటున్నాను. అమెరికా వెళ్లి చదువులో దెబ్బతిన్న మన పిల్లల్లో పార్టీల వల్ల పాడైనవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. ఎక్కువమంది గదిలోంచి బయటికి రాకుండా పోయినవాళ్లే. క్లాసు అర్థం కాదు. పక్కవాడిని అడగడానికి మొహమాటం. ప్రొఫెసర్ వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసమే కూర్చుంటారు, అక్కడికి వెళ్లాలంటే బెరుకు. ఇంట్లో వీడియో కాల్ చేస్తే "బాగానే ఉన్నా నాన్నా" అంటారు. రెండు కోర్సులు పోయిన సంగతి మూడో సెమిస్టర్‌లో గానీ బయటపడదు. యూనివర్సిటీ మీకు ఫోన్ చేసి చెబుతుందని అనుకోకండి. 1974 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. కాలేజీలో చేరాక మార్కుల మీద హక్కు విద్యార్థిదే. పిల్లాడు ఒప్పుకుని సంతకం పెడితే తప్ప సాధారణంగా మీకు చూపించరు.

ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. ఒక్క చెడు అలవాటు లేదని గర్వంగా రాశారు. చెడు అలవాటు చేసుకోవడానికి మీరు వాడికి ఖాళీ ఎక్కడిచ్చారండీ? పొద్దున అయిదింటికి లేపింది వార్డెన్, రాత్రి స్టడీ అవర్ ముగించింది వార్డెన్. అమెరికాలో ఒక మంగళవారం ఊహించుకోండి. 11 గంటలకు ఒక క్లాసు అయిపోతుంది, మళ్లీ రెండున్నరకు ఇంకొకటి. ఆ మధ్య మూడున్నర గంటలు వాడు ఎక్కడున్నాడు, తిన్నాడా, పుస్తకం తీశాడా అని అడిగే మనిషి ఉండడు. 15 క్రెడిట్లు తీసుకుంటే వారానికి సుమారు 15 గంటలే క్లాసులు, దానికి రెండింతలు సొంతంగా చదువుకోవాలి. ఆ ముప్పై గంటలు లైబ్రరీకి లాక్కెళ్లే ఇద్దరు స్నేహితులు ఉన్నారా లేదా అన్నదాని మీదే చాలామంది పిల్లల గ్రేడ్లు ఆధారపడతాయి. సోషల్ లైఫ్ అంటే మీకు బీరు సీసా కనిపిస్తోంది. నాకు ఆ ఇద్దరు స్నేహితులు కనిపిస్తున్నారు.

మీ బావమరిది గారు ఎంఎస్‌కు వెళ్లినవారైతే ఆయన అనుభవం వేరు. ఎంఎస్‌కు వెళ్లినవాళ్లు నలుగురు మనవాళ్లు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుని, వంతులేసుకుని వండుకుంటారు. బీఎస్ పిల్లాడు డార్మ్‌లో, అంటే యూనివర్సిటీ హాస్టల్లో, ముక్కూమొహం తెలియని రూమ్‌మేట్‌తో మొదలవుతాడు.

అసలు ఇంటర్ అవ్వగానే బీఎస్‌కు పంపడం మన దగ్గర ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది. నాకు దాని మీద ఎప్పటినుంచో అనుమానాలున్నాయి. ఇలాంటి చోట్ల నాలుగేళ్లకు ఖర్చు రెండు కోట్లు దాటుతుంది. విదేశీ పిల్లలకు స్కాలర్‌షిప్ దొరకడం కష్టం. చదువయ్యాక పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి కింద ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో రెండేళ్లు ఇస్తారు. ఇక్కడ బీటెక్ చదివి ఎంఎస్‌కు వెళ్లినా వచ్చేది అవే మూడేళ్లు. మరి ఆ అదనపు డబ్బంతా దేనికి పోస్తున్నట్టు? పద్దెనిమిదేళ్ల వయసులో కొత్త మనుషుల మధ్య, ప్రొఫెసర్లకు దగ్గరగా నాలుగేళ్లు పెరగడానికి. అంత డబ్బు కట్టి, తీరా ఆ ఒక్కటీ వద్దంటే బీటెక్కే నయం. నిజంగానే అంటున్నాను. ఆ దారి కూడా ఇంట్లో మాట్లాడుకోండి.

2014లో గాలప్ అనే సర్వే సంస్థ, అమెరికాలోని పర్‌డ్యూ యూనివర్సిటీ కలిసి 30 వేలమందికి పైగా గ్రాడ్యుయేట్లను అడిగి చూశాయి. పనిలో మనసు పెట్టి రాణించడానికీ, చదివిన కాలేజీ ఎంత పేరున్నదన్నదానికీ పెద్ద సంబంధం కనిపించలేదు. తనను పట్టించుకున్న ప్రొఫెసర్, ప్రోత్సహించిన మెంటర్ ఉన్నవాళ్లు మాత్రం స్పష్టంగా ముందున్నారు. మాట్లాడని పిల్లాడికి అలాంటివాళ్లు వెతుక్కుంటూ రారు. నలుగురిలో తిరగడం అలవాటైతేనే దొరుకుతారు.

తాగుడు గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. అమెరికాలో మద్యానికి చట్టబద్ధమైన వయసు 21. తాగి కారు నడిపి పట్టుబడితే వీసాకే ఎసరు వస్తుంది. ఈ రెండు ముక్కలూ మీ నోటితో మీరే సూటిగా చెప్పండి. అంత పెద్ద యూనివర్సిటీలో తాగనివాళ్ల గుంపులు బోలెడు ఉంటాయి. మాడిసన్‌లో నన్ను ఆలోచింపజేసేది చలికాలం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, క్యాంపస్ పక్కన మెండోటా సరస్సు గడ్డకడుతుంది. గుంటూరు ఎండల్లో పెరిగిన పిల్లాడు మొదటి చలికాలం దిగులు పడితే కంగారు పడకండి, క్యాంపస్‌లోని కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లమనండి. అది పిచ్చివాళ్లు వెళ్లే చోటు కాదని ఇప్పుడే చెప్పి పంపండి.

నా ఓటు మాడిసన్‌కే. కోరుకున్న కోర్సు చేతిలో ఉంది, పిల్లాడికి ఇష్టం ఉంది. మే 1లోపు డిపాజిట్ కట్టాలి. ఈలోగా ఆ యూనివర్సిటీలో ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్న ఇద్దరు ముగ్గురితో వాడినే మాట్లాడమనండి. రాత్రి భోజనం ఎవరితో చేస్తారు, హోంవర్క్ రాకపోతే ఎవరిని అడుగుతారు అని కనుక్కోమనండి. ఆ ఫోన్ వాడు చేయాలి, మీరు పక్కన కూర్చోకూడదు.