ఆకులు, పువ్వులతో బొమ్మలు చేయిస్తే పిల్లలు నిజంగా నెమ్మదిస్తారా?

అయిదేళ్ల పాప, ఫోన్ తీసుకుంటే అరుస్తోంది, ప్రకృతితో చేసే ఆర్ట్ ఏదైనా నేర్పిస్తే నెమ్మదిస్తుందా, ఏ కిట్ కొనాలి అని అడిగారు కదా. నెమ్మదిస్తుంది. కిట్ మాత్రం కొనకండి. ఆ డబ్బాల్లో ముందే కత్తిరించిన ఆకులు, నంబర్లేసిన అట్ట, పైగా గ్లిట్టర్ ఒకటి, అది ఇల్లంతా అంటుకుని ఎన్ని ఊడ్చినా పోదు. అంటించడం తప్ప పిల్లకి ఇంకేం మిగిల్చారు అందులో?

మా మేనల్లుడి సంగతి చెప్తా. వాడు కూర్చున్నా వాడి కాళ్లు కూర్చోవు. ఓసారి రాలిన ఆకులు ఏరుకు రమ్మని పంపి, వాటిల్లో మరీ పెళుసెక్కనివి తీసి, వెనకవైపు పైకొచ్చేలా పెట్టి (ఈనెలు ఉబ్బెత్తుగా ఉండేది అటే, చాలామంది తిరగేసి పెట్టి ఏం రావట్లేదంటారు), మీద పల్చటి కాగితం వేసి, చుట్టూ ఉన్న పేపర్ ఊడదీసిన క్రేయాన్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దమన్నా. బరబరా రుద్దాడు, కాగితం చిరిగింది. నేను నోరెత్తలేదు. ఇంకో కాగితం తీసుకుని వాడే చెయ్యి తేలిక చేశాడు. ముందు నడి ఈనె తేలింది, తర్వాత పక్క ఈనెలు, ఆ తర్వాత వాటి మధ్య అల్లిక. ఒకచోట మాత్రం ఈనెలు ఆగిపోయి గుండ్రంగా గీత పడింది. కాగితం ఎత్తి చూసి "మావయ్యా, ఇక్కడ పురుగు తినేసింది!" అన్నాడు. ఇక అంతే, మంచి ఆకులు వద్దంట, పురుగు తిన్నవే కావాలంట, ఒక్కో ఆకూ వెలుతురుకి పట్టి చూసి మరీ ఏరాడు.

గట్టిగా రుద్దితే చిరుగుతుంది, మరీ పైపైన రుద్దితే ఏం రాదు. మెల్లగా చెయ్యరా అని మనం అరవక్కర్లేదు, కాగితమే చెప్తుంది. నన్నడిగితే ప్రశాంతత అంతా అక్కడుంది, ధ్యానం క్లాసుల్లో కాదు. చిన్నపిల్లల ఆట అనుకోకండి, మాక్స్ ఎర్నెస్ట్ అనే జర్మన్ చిత్రకారుడు 1925లో చెక్క నేల గరుకు మీద కాగితం పెట్టి రుద్ది బొమ్మలు వేశాడు, ఫ్రోటాజ్ అంటారు దాన్ని.

అసలు సమస్య పెద్దవాళ్లే. "ఆకు నీలంగా ఎక్కడైనా ఉంటుందా?" అని ఒకరు, సగంలో ఉండగానే ఫోటో తీసి స్టేటస్ పెట్టేవాళ్లు ఇంకొకరు, లామినేషన్ చేయిద్దాం అని మరొకరు. ఎందుకండీ? ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే బ్రిటిష్ శిల్పి ఆకులతో, మంచు ముక్కలతో చేసినవి చాలావరకు ఎండకో గాలికో పోతాయి, ఫోటోలే మిగులుతాయి. ఆయనకి లేని బాధ మనకెందుకు!

రుద్దడం బోర్ కొడితే ఎర్ర మందార రేకుల్ని తెల్ల కాగితం మీద నలిపి పూయమనండి, ఊదారంగు దిగుతుంది, దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే గులాబీగా మారుతుంది. ఎందుకు మారిందో వెంటనే చెప్పెయ్యకండి, పిల్ల ఇంట్లో ఉన్న పుల్లటివన్నీ తెచ్చి వేసి చూసుకుంటుంది, ఆ సాయంత్రం ఫోన్ గుర్తు రాదు.

గన్నేరు, జిల్లేడు జోలికి మాత్రం పోనివ్వకండి. గన్నేరు మొక్కంతా విషమే, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి. ఇంట్లో ఇంకా చిన్నపిల్ల ఉంటే గింజలు, గులకరాళ్లు కూడా అందనివ్వొద్దు, నోట్లో పెట్టేసుకుంటారు.