టెక్ సందేహాలు: డీవీఆర్ కూత మానింది సరే, పాత డిస్క్ ఏమైంది?

“సార్, మాది తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర చిన్న లాడ్జి. ఎనిమిది కెమెరాల బొమ్మలు రికార్డు చేసే డీవీఆర్ పెట్టె పెట్టించి తొమ్మిదేండ్లయింది. రెండు నెలల కిందట కుయ్ కుయ్‌మని ఒకటే కూత. కెమెరాలు పెట్టినబ్బాయి వచ్చి కూత ఆపేసి పోయినాడు. మొన్న ఒకాయన బ్యాగు పోతే పోలీసులు ఫుటేజీ అడిగినారు. చూస్తే రెండు నెలలుగా ఏమీ రికార్డు కాలేదు. ఇప్పుడేమో సెట్టంతా మార్చాలంటా ఉండాడు. హార్డ్ డిస్క్ ఒకటే మారిస్తే చాలదా?”

చాలు. చిత్తూరులో బంగారు అంగడాయన, శ్రీకాళహస్తిలో కల్యాణ మండపమాయన కూడా ఇదే రాశారు. అందరి కథలోనూ ‘కూత ఆపేసిన అబ్బాయి’ ఒకడున్నాడు. కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేస్తే దొంగ పోతాడా? డిస్క్ పాడవుతోందని పెట్టె మొత్తుకుంటోంది, అంతే. తయారుచేసినవాళ్లనూ వదలను. రికార్డింగ్ ఆగిపోయినా టీవీలో బొమ్మ మాత్రం చక్కగా కదులుతూ ఉంటుంది. డిస్క్ సంగతి తెలియాలంటే మెనూలో మెనూలోకి దూరాలి. కౌంటర్లో కూర్చున్న మనిషి అక్కడికెందుకు పోతాడు?

కొత్త డిస్క్ కొనేముందు పెట్టెకు కరెంటిచ్చే 12 వోల్టుల అడాప్టర్ మార్చి చూడండి. డిస్క్ తిరగడం మొదలయ్యే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. అడాప్టర్ నీరసిస్తే పెట్టె దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అవుతుంటుంది, మనం డిస్క్‌ను తిట్టుకుంటాం. డిస్కే పోయిందని తేలితే నిఘా కెమెరాల కోసమే చేసిన 3.5 అంగుళాల సాటా (డిస్క్ తగిలించే కనెక్టర్ రకం) డిస్క్ కొనండి. కంప్యూటర్ డిస్క్ చవకే, కానీ రేయింబవళ్లు రాస్తూ ఉండటానికి చేసింది కాదు. పాత పెట్టెల్లో కొన్ని 2 టీబీకి మించితే గుర్తించవు, మీ మోడల్ పరిమితి కనుక్కోండి. బిగించాక డీవీఆర్ మెనూలోనే ఫార్మాట్ చేయాలి.

ఎన్ని రోజులు నిలుస్తుందో మీరే లెక్కేసుకోండి. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున రాస్తుందనుకుంటే రోజుకు 21.6 జీబీ. ఎనిమిదింటికి 173 జీబీ. 2 టీబీ డిస్క్ పదకొండు రోజులకే నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. మన రాష్ట్రంలో 2013 నాటి ప్రజా భద్రత చట్టం కిందికి వచ్చే సంస్థలు 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. మెట్ల దగ్గర, వరండాలో కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టుకుంటే ఆ లోటు చాలావరకు పూడుతుంది.

నా బెంగ వేరే. తీసేసిన డిస్క్ ఎవరు పట్టుకుపోతారు? ‘నేను పారేస్తాలే సార్’ అంటాడు ఆ అబ్బాయి. ఆ డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే ఖాళీగా కనిపించి, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి కాబట్టి కంప్యూటర్‌కు అర్థం కాదు, అంతేగానీ లోపల ఏమీ లేదని కాదు. ఒకసారి పాత ఇనుప సామాన్ల అంగట్లో రెండొందలకు ఒక డిస్క్ కొన్నాను. సాయంత్రానికల్లా అందులోంచి ఎవరిదో క్లినిక్ వరండా బయటపడింది, రోగుల ముఖాలతో సహా. చూడలేక ఆపేశాను. మీ కౌంటర్ మీది కెమెరాకు ఏమేం కనిపిస్తుందో ఒకసారి నిలబడి చూడండి: ఆధార్ జిరాక్సులు, మీరు నొక్కే లాకర్ నంబరు, ఎవరు ఎవరితో వచ్చారన్నది. దర్శనానికొచ్చిన మనిషి మిమ్మల్ని నమ్మి గది తీసుకుంటే, ఆయన ముఖం తక్కెడలో కిలోల లెక్కన పోతోంది.

డిస్క్ తిరుగుతుంటే కంప్యూటర్‌కు తగిలించి, పాతదంతా చెరిగిపోయేలా మొత్తం సున్నాలతో నింపించండి. క్విక్ ఫార్మాట్ లెక్కలోకి రాదు. తిరగకపోతే వడ్రంగి దగ్గర డ్రిల్లింగ్ మిషన్ ఉంటుంది. లోపలి పళ్లేలు చిల్లులుపడేలా మూడు నాలుగు చోట్ల దించమనండి. మీరు పక్కనే ఉండండి.

కొత్త డిస్క్ వేశాం కదా, పెట్టె కొత్తదైపోయిందనుకోవద్దు. పాస్‌వర్డ్, సెట్టింగులు ఉండేది డిస్క్‌లో కాదు, బోర్డు మీది చిప్‌లో. తొమ్మిదేండ్ల కిందటి ‘అడ్మిన్’, ‘12345’ అలాగే కూర్చుని ఉంటాయి. 2016 అక్టోబరులో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఇలాంటి డీవీఆర్‌లు, కెమెరాల సైన్యంతోనే అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలు పడగొట్టింది. అది లోపలికి దూరింది కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లతోనే. మార్చండి. ఫోన్లో చూసుకోవడానికని ఆ అబ్బాయి రౌటర్లో తెరిచిన పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికొచ్చే దారి, ఉంటే మూయించండి.

మూత ఎలాగూ విప్పారు కాబట్టి బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, చాలావాటిలో సీఆర్2032, అది కూడా మార్చేయండి. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం ఏదో పాత తేదీకి వెనక్కి పోతుంది. ఫుటేజీ డిస్క్‌లోనే ఉంటుంది గానీ, పోలీసులు చెప్పిన తేదీ కింద వెతికితే దొరకదు.