అధికారిక టూరిజం సైట్లు చూసి జనం నిజంగా వస్తారా?

ప్రభుత్వ టూరిజం వెబ్‌సైట్ల వల్ల ఊరికి వచ్చేవాళ్లు పెరుగుతారా అని అడిగారు. పన్నెండేళ్లుగా తిరుపతిలో కారు బాడుగకు తోలుతున్నాను. మా ఊరికి జనాన్ని రప్పించేది వెంకన్న. సైటు చూసి తిరుపతికి వచ్చినవాడు నాకింతవరకు ఒక్కడూ తగల్లేదు. సైటు పని వచ్చినవాళ్లను ఇంకో రోజు ఉంచడం. ఆ పని సరిగ్గా జరగడం లేదు.

రెండేళ్ల కిందట నాసిక్ వాళ్లు ఒక కుటుంబం ఎక్కారు. మూడొందల టికెట్ దర్శనం అయిపోయింది, రైలు ఆ రాత్రికే. ఈలోగా శ్రీకాళహస్తి చూపించమన్నారు. వాళ్లలో ఒక పెద్దాయన పాత గుళ్ల గురించే మాట్లాడుతున్నాడు. రేణిగుంట దాటాక నేనే అడిగి, పాపానాయుడుపేట మీదుగా గుడిమల్లం తిప్పాను. పరశురామేశ్వరాలయం గర్భగుడి కిందికి దిగినట్టుంటుంది. పూజారి హారతి పైకెత్తాడు. అయిదడుగుల లింగం, దాని ముందువైపు యక్షుడి భుజాల మీద నిలబడ్డ శివుడు, ఒక చేత పొట్టేలు, భుజాన గొడ్డలి. క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది చరిత్రకారుల మాట. పెద్దాయన అక్కడి నుంచి కదల్లేదు. బయటికొచ్చాక నన్నే నిలదీశాడు: "నిన్న రాత్రి రెండు గంటలు ఫోన్‌లో వెతికాను. ఇది ఎందుకు కనబడలేదు?" ఏం చెప్పను?

ఆ రాత్రి రైలు మానుకున్నారు. మర్నాడు చంద్రగిరి కోట చూశారు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు, వాళ్లు వచ్చింది బుధవారం గనుక సరిపోయింది. ఒక గది, రెండు పూటల భోజనాలు, నాకో రోజు బాడుగ, అన్నీ ఊళ్లోనే మిగిలాయి.

సైట్లలో ఫొటోలకు కొదవ లేదు. తలకోన జలపాతం 270 అడుగులు, నిజమే. కానీ ఫొటోల్లో ఎప్పుడూ వానాకాలమే. ఏప్రిల్లో పిల్లాజెల్లాతో వెళ్లి సన్నటి ధార చూసినవాళ్ల కోపమంతా డ్రైవర్ మీదే. ఏ నెలలో నీళ్లుంటాయో ఒక్క వాక్యం రాయడానికి ఏం కష్టం? గుడి మూసే వేళ, బస్సు ఎక్కడ ఎక్కాలి, ఫోన్ ఎత్తే నంబరు, ఇవే కదా మనిషికి కావలసినవి. అవి కూడా హిందీలో, తమిళంలో, కన్నడలో ఉండాలి. 2022లో జిల్లా విడిపోయి కాణిపాకం చిత్తూరులో, తలకోన తిరుపతిలో ఉండిపోయాయి. యాత్రికుడికి మాత్రం రెండూ ఒకే ప్రయాణం, ఒకే పేజీలో కనబడాలి. గాజు పూసలకు పేరుపడ్డ పాపానాయుడుపేట మీదుగానే గుడిమల్లం పోతాం, ఆ ఊరి గురించి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నేనే వేళలు, దూరాలు కనుక్కుని హిందీలో ఒక కాగితం రాయించి కారులో పెట్టుకున్నాను. ఎక్కినవాళ్లకు ముందు అది చేతికిస్తాను.