ఆ సిరంజికి నల్ల కాగితం ఎందుకు చుట్టారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకి 64 ఏళ్ళు. పోయిన నెల గుంటూరులో బైపాస్ చేశారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు కానీ, ఆ సాయంత్రం నన్ను ఐసీయూలోకి పంపినప్పుడు మానిటర్ మీద బీపీ 178 ఉంది. ఇంట్లో ఎప్పుడూ 140 దాటలేదు. మంచం పక్కన రెండు సిరంజి పంపులు, ఒకదానికి నల్ల కాగితం. నర్సు మాటిమాటికీ వచ్చి నంబరు మారుస్తూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి రెండూ తీసేసి మాత్రలు మొదలుపెట్టారు. మాత్రకి తగ్గేదానికి అంత హడావిడి ఎందుకు? ఇంట్లో బీపీ పెరిగితే మళ్ళీ ఆ మందు ఎక్కించాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, నేను 28 ఏళ్ళు గుండె ఆపరేషన్లకు మత్తు డాక్టరుగా పనిచేశాను. మీకు గుండె జారిపోయిన ఆ సాయంత్రం మాకు రోజూ ఉండేదే.

ఆ 178ని నాన్నగారి పాత బీపీతో కలపకండి. ఛాతీ తెరిచారు, ఒళ్ళు చల్లబడింది, రక్తనాళాలు బిగుసుకున్నాయి. మత్తు వదులుతుంటే గొంతులో వెంటిలేటర్ గొట్టం, కుట్ల నొప్పి, వణుకు. వీటన్నిటికీ ఒంట్లో అడ్రినలిన్ ఎగజిమ్ముతుంది. చాలామందికి ఒక రోజులో సర్దుకుంటుంది.

సర్దుకునేదాకా ఆగొచ్చుగా అంటారేమో. గ్రాఫ్టులు, అంటే అడ్డంకిని దాటించి గుండెకి రక్తం చేర్చే కొత్త నాళాలు, కుట్టేది తలవెంట్రుకంత సన్నని దారంతో. కుట్టి గంటలు కూడా కాని ఆ అతుకుల మీద 178 ఒత్తిడి పడితే రక్తం ఊరుతుంది, ఛాతీలో చేరిన రక్తం బయటికొచ్చే డ్రెయిన్ బాటిల్ నిండుతుంది, ఒక్కోసారి రాత్రికి రాత్రి మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి వస్తుంది. పక్షవాతం భయం కూడా ఉంది. అలాగని మరీ దించేస్తే కొత్త గ్రాఫ్టులకి, కిడ్నీలకి రక్తం చాలదు. మేం మామూలుగా పై అంకెని 100కీ 130కీ మధ్య పట్టి ఉంచేవాళ్ళం. కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళకి ఇంకాస్త పైన.

ఇక మాత్ర సంగతి. మింగిన మాత్రను వెనక్కి తీసుకోలేం. అది పనిచేయడానికే చాలాసేపు పడుతుంది, పైగా ఆ పూట పేగులు సరిగా కదలవు. ఈలోగా దుప్పటి కింద ఒళ్ళు వెచ్చబడి నాళాలు వదులైతే 178 కాస్తా పది నిమిషాల్లో 90కి పడొచ్చు. అప్పుడు కడుపులో ఉన్న మాత్రని ఏం చేస్తాం? పంపులో మందైతే ఆపేసిన కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. నర్సు నంబరు మార్చింది అందుకే. నాన్నగారి మణికట్టులో ఒక సన్న గొట్టం చూసి ఉంటారు. ప్రతి గుండెచప్పుడుకీ బీపీ ఎంతో అది చూపిస్తుంది. పట్టీ కట్టి పదిహేను నిమిషాలకోసారి చూస్తే ఈ మందులతో వేగలేం.

నల్ల కాగితం ఉన్నది బహుశా నైట్రోప్రుస్సైడ్. వెలుతురు తగిలితే చెడిపోతుంది. నిమిషంలోనే పట్టు చూపిస్తుంది కానీ, పెద్ద మోతాదులో ఎక్కువసేపు నడిస్తే ఒంట్లో సైనైడ్ పేరుకుంటుంది. అందుకే పని కాగానే తీసేస్తాం. రెండోది ఎన్‌టీజీ, అంటే నైట్రోగ్లిజరిన్ అయి ఉంటుంది. డైనమైట్‌లో ఉండేది ఇదే! డైనమైట్‌ని కనిపెట్టిన నోబెల్‌కి చివరి రోజుల్లో గుండె జబ్బుకి డాక్టర్లు ఇదే రాసిచ్చారు. దీంతో తలనొప్పి వస్తుంది, కంగారు పడక్కర్లేదు. గుండె వేగం కూడా ఎక్కువుంటే ఎస్మొలాల్ లాంటిది వాడతాం.

ఒకటి చెప్పాలి. కొత్తలో ఒక రాత్రి నా పేషెంటుకి 180 దాటింది. ఎన్‌టీజీ పెంచాను. దిగలేదు. ఇంకా పెంచాను. మా పెద్ద డాక్టరమ్మ వచ్చి, పంపు వైపు కూడా చూడకుండా దుప్పటి ఎత్తారు. యూరిన్ పైపు తొడ కింద మడతపడి ఉంది. సరిచేయగానే బ్యాగు బొళబొళా నిండింది, బీపీ జారడం మొదలైంది. ఇక పరుగున పంపు తగ్గించాల్సింది నేనే. ఆ రోజు నుంచీ నొప్పి, చలి, మూత్రం చూడందే పంపు మీద చెయ్యి వేయలేదు.

ఇంట్లో ఆ మందు ఊసే వద్దు. 150 కనిపిస్తే ఐదు నిమిషాలు కుర్చీలో ఊరికే కూర్చోబెట్టి మళ్ళీ చూడండి. రెండు మూడు రోజులు అలాగే ఉంటే రాసుకుని మీ డాక్టరుకి చూపించండి, మాత్రలు మారుస్తారు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, మాట తడబడటం కనిపిస్తే అంకె ఎంతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బీపీని, గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్ర రాసి ఉంటే, బీపీ బాగుంది కదా అని మీ అంతట మీరు మానేయించకండి. ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండె వేగం రెండూ ఎగదన్నుతాయి. పండక్కి ఊరెళ్ళేటప్పుడు మాత్రల డబ్బా ఇంట్లో మరిచిపోయి ఐసీయూకి వచ్చినవాళ్ళని చాలామందినే చూశాను.